పద్నాలుగేళ్లుగా నడుపుతున్న చీటీలకు ఇప్పుడు లైసెన్స్ తీసుకోవచ్చా?

గుంటూరు జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఓ సోదరి ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఆమెకు 52 ఏళ్లు. భర్త ప్రభుత్వ ఉపాధ్యాయుడు, రిటైర్మెంట్‌కు ఇంకా మూడేళ్లుంది. అమ్మాయి పెళ్లి వచ్చే ఏడాది చేయాలనుకుంటున్నారు. ఆమె 14 ఏళ్లుగా తమ వీధిలోనూ చుట్టుపక్కలా చీటీలు నడుపుతున్నారు. ఇప్పుడు ఐదు నడుస్తున్నాయి. రెండు 5 లక్షలవి: 25 మంది, నెలకు 20 వేలు. మూడు లక్షవి: 20 మంది, నెలకు 5 వేలు. పాటకు నూటికి నాలుగు చొప్పున కమిషన్ తీసుకుంటారు, మొదటి చీటీ తనే ఎత్తుకుంటారు. "ఇన్నేళ్లలో ఒక్కరికి ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు" అని రాసి దాని కింద రెండు గీతలు గీశారు.

ఇబ్బంది 5 లక్షల చీటీల్లో ఒకదాని దగ్గర మొదలైంది. 9వ నెలలో పాడుకున్న ఒకతను 12వ నెల నుంచి కట్టడం మానేశాడు. ఇప్పటికి 15 పాటలు అయ్యాయి. అతని నాలుగు నెలల 80 వేలు ఈమే వేసుకున్నారు, అదీ గాజులు బ్యాంకులో పెట్టి. గట్టిగా అడిగితే "లైసెన్స్ లేకుండా చీటీలు నడిపేదానివి, నువ్వు నా మీద కేసు పెడతావా? పెట్టు చూద్దాం" అన్నాడట. ఆ రోజు నుంచి ఈమెకు నిద్ర లేదు. తెలిసినవాళ్ల ద్వారా ఒక కన్సల్టెంటు దొరికాడు. 75 వేలు ఇస్తే నెలలో నిధి కంపెనీ పెట్టిస్తాననీ, దాని కింద చీటీలన్నీ దర్జాగా నడుపుకోవచ్చనీ చెప్పాడు. భర్త మాత్రం అన్నీ మానేయమంటున్నారు. లెక్కల పుస్తకం మొదటి నుంచీ ఆయనే రాస్తున్నారు, ఆయనకిప్పుడు ఉద్యోగం మీదే టెన్షన్. తమ్ముడు "ఊళ్లో ప్రతి వీధిలో చీటీలున్నాయి, ఎవరికుంది లైసెన్స్?" అంటున్నాడు. దసరాకి కొత్త 5 లక్షల చీటీ మొదలుపెడతానని వాట్సాప్‌లో పెడితే అప్పుడే 18 మంది పేర్లిచ్చారట. లైసెన్స్ తీసుకోవాలా, మానేయాలా, తీసుకుంటే అది పాత చీటీలకూ పనికొస్తుందా అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. గాజులు కుదువపెట్టి మరీ పక్కవాళ్ల చీటీ నిలబెట్టిన మనిషి మీరు. కానీ మీ చివరి ప్రశ్నకు జవాబు ముందే చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇప్పుడు లైసెన్స్ తీసుకున్నా అది పాత చీటీలకు పనికిరాదు.

బండికి లైసెన్స్ ఉన్నట్టు చీటీల వాళ్లకీ ఒక లైసెన్స్ ఉంటుందని, అది చేతికొస్తే ఎన్ని చీటీలైనా వేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. చట్టం అలా లేదు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం అనుమతి ఇచ్చేది మనిషికి కాదు, ఒక్కో చీటీకి. ప్రతి చీటీకీ మొదలుపెట్టకముందే ప్రభుత్వం నుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలి. తర్వాత ఒప్పందం రెండు ప్రతులు రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేసి రిజిస్టర్ చేయించాలి. సభ్యులందరూ నిండాక ఆ సంగతి ఆయనకు రాసిచ్చి ప్రారంభ సర్టిఫికెట్ పుచ్చుకోవాలి. ఆ తర్వాతే మొదటి పాట. ఇదంతా "ముందు" జరగాల్సిన పని కాబట్టి 15 పాటలు అయిపోయిన చీటీని పట్టుకెళ్లి రిజిస్టర్ చేయమంటే కుదరదు.

మీ తమ్ముడు అన్న మాట నిజమే, వీధివీధికీ చీటీలున్నాయి. కానీ ఇది కొత్త చట్టం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 1971లోనే సొంత చిట్ ఫండ్ చట్టం ఉండేది. 2008 నుంచి మన దగ్గర కేంద్ర చట్టం నడుస్తోంది. ఇరుగుపొరుగు వేసుకునే చీటీలకు అందులో మినహాయింపు లేదు. అనుమతి లేకుండా చీటీ నడిపితే రెండేళ్ల దాకా జైలు గానీ, 5 వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అందరూ నడుపుతున్నా ఎవరికీ ఏమీ కావడం లేదంటే, ఎవరూ ఫిర్యాదు చేయనంత కాలమే. మీ దగ్గర లైసెన్స్ లేదన్న సంగతినే పట్టుకుని బెదిరించే మనిషి ఒకడు తయారయ్యాడు. మీ తమ్ముడి లెక్కలో లేనిది అదే.

ఇక ఆ కన్సల్టెంటు. ఆయనకు ఇంకా డబ్బు ఇవ్వకపోతే ఇవ్వకండి, అడ్వాన్స్ ఇచ్చి ఉంటే రాతపూర్వకంగా తిరిగి అడగండి. నిధి కంపెనీ అనేది నిజంగానే ఉంది. సభ్యుల దగ్గర పొదుపు తీసుకుని సభ్యులకే అప్పులిచ్చే కంపెనీ అది. కానీ 2014 నాటి నిధి నియమాల్లో ఆరో నియమం అది చేయకూడని పనులు చెబుతుంది, వాటిలో చిట్ ఫండ్ వ్యాపారం ఒకటి. అంటే మీరు చేద్దామనుకుంటున్న పనినే ఆ నియమం వద్దంటోంది. పైగా 2022 సవరణల తర్వాత నిధి పెట్టాలంటే 10 లక్షల మూలధనం కావాలి. కంపెనీ పుట్టిన 120 రోజుల్లో 200 మంది సభ్యుల్నీ, 20 లక్షల సొంత నిధుల్నీ చూపించి కేంద్రం నుంచి ప్రకటన తెచ్చుకోవాలి. 75 వేలకు నెలలో ఆయన ఇవ్వగలిగేది కంపెనీ పుట్టినట్టు ఒక కాగితం మాత్రమే. దాన్ని ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలిస్తే మీ ఇంటికొచ్చేవాళ్లు లైసెన్స్ అనుకుంటారు, నమ్మి ఇంకా ఎక్కువ డబ్బు కడతారు. వాళ్లలా నమ్మడమే రేపు మీ మెడకు చుట్టుకుంటుంది.

ఇప్పుడు మీరు ఉత్తరం ఆరో పేజీలో ఒక్క వాక్యంలో దాటేసిన విషయం. "నలుగురు తెలిసినవాళ్లు నూటికి రూపాయిన్నర వడ్డీకి 6 లక్షలు నా దగ్గర ఉంచారు, అడిగినప్పుడు ఇస్తాను" అన్నారు. చీటీల కన్నా నాకు దీని మీదే ఎక్కువ ఆందోళనగా ఉంది. అమ్మాయి పెళ్లికో ఆస్పత్రికో తెచ్చుకున్న చేబదులు వేరు. పదిమంది దగ్గర వడ్డీకి తీసుకుని దాన్ని వ్యాపారంలో తిప్పడం వేరు. అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం ఒకటి 2019లో వచ్చింది. వ్యాపారంగా ఇలాంటి డిపాజిట్లు తీసుకుంటే రెండేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 3 లక్షల నుంచి 10 లక్షల దాకా జరిమానా అంటుంది. అది కంపెనీలకే కాదు, వ్యక్తులకూ వర్తిస్తుంది. మీ 6 లక్షలు చేబదులు కిందికొస్తాయా డిపాజిట్ కిందికొస్తాయా అన్నది వాదనకు దొరికే విషయమే. కానీ ఆ వాదన కోర్టులో జరిగే పరిస్థితి మీకు రాకూడదు. ఇంకొకరి దగ్గర రూపాయి కూడా తీసుకోకండి. ఉన్న నలుగురిలో వయసు పైబడ్డవాళ్లకు, ఆ డబ్బు మీదే ఆధారపడ్డవాళ్లకు ముందు తిరిగి ఇచ్చేయండి. ఇచ్చినప్పుడల్లా రసీదు మీద సంతకం తీసుకోండి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక పెద్దావిడ స్టీలు డబ్బా నిండా ప్రోనోట్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఇరవై ఏళ్లు చీటీలు నడిపిన మనిషి. ఒక్కో నోటు తీసి టేబుల్ మీద పరుస్తూ ఎవరెవరు ఎంతివ్వాలో పుస్తకం చూడకుండా చెప్పారు. "నేనెవరి డబ్బూ తినలేదమ్మా" అన్నారు. నిజంగానే తినలేదు. ఇద్దరు కట్టడం మానేస్తే వాళ్ల వంతు పూడ్చడానికి కొత్త చీటీ మొదలుపెట్టారు. కొత్తదాంట్లో మొదటి చీటీ తనే ఎత్తుకుని పాతదాంట్లో వేశారు. తర్వాత ఆ కొత్తదాని కంతులు తను కట్టాలి కదా, దానికోసం ఇంకొకటి. ఆరేళ్లలో 80 వేల గుంత 19 లక్షలైంది. ఆఖరికి ఐపీ పెట్టారు. ఆవిడ ఇంటి ముందు నిలబడి అరిచినవాళ్లలో ఆవిడ చేతుల మీద పెరిగిన పిల్లలు కూడా ఉన్నారు.

అందుకే అడుగుతున్నాను. దసరా చీటీలో మొదటి 5 లక్షలు మీరు ఎత్తుకుని గాజులు విడిపించుకుందామని అనుకుంటున్నారా? అమ్మాయి పెళ్లి ఖర్చు కూడా అందులో ఉందా? నాకు జవాబు చెప్పక్కర్లేదు. మీలో మీరు చెప్పుకోండి. ఔను అయితే, చట్టం సంగతి అటుంచి, ఆ చీటీ మొదలుపెట్టకూడదు. ఎలాగూ అనుమతి లేకుండా సభ్యుల్ని పిలవడమే చిట్ ఫండ్స్ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తప్పు, వాట్సాప్‌లో పెట్టిన ఆ మెసేజీ రేపు రుజువు అవుతుంది. "దసరా చీటీ వేయడం లేదు, పేరిచ్చినవాళ్లు ఏమీ అనుకోవద్దు" అని అదే గ్రూపులో రాయండి. కారణం చెప్పాల్సిన అవసరం లేదు.

పాత ఐదింటి సంగతికొద్దాం. మీ వారు అన్నట్టు రేపటి నుంచి అన్నీ ఆపేయొచ్చు. కానీ అలా ఆపితే ఇంకా పాడని వాళ్లు మునిగిపోతారు, మీ ఇంటి ముందుకొస్తారు, మీరు భయపడుతున్న పోలీసు కేసు ఆ రోజే పడుతుంది. అలాగని ఏమీ జరగనట్టు అన్నీ నడిపించడమూ మంచిది కాదు. ఐదూ ఒక దశలో లేవు కాబట్టి ఒక్కోదానికి ఒక్కో దారి చూడాలి.

లక్ష చీటీల్లో ఒకటి పోయిన నెలే మొదలైందన్నారు. ఒక్క పాటే అయింది, ఆ లక్ష మీ దగ్గరే ఉంది. అది ఈ వారంలోనే తిరిగి ఇచ్చేయవచ్చు. మిగతా 19 మందికి తలా 5 వేలు, మొత్తం 95 వేలు. అంతటితో ఒక చీటీ తగ్గింది. ఇంకో లక్ష చీటీకి మూడు నెలలు, మరోదానికి ఎనిమిది నెలలు మిగిలాయి. ఇవి ముగింపు దగ్గరున్నవి, అందరూ సరిగ్గా కడుతున్నారని రాశారు. వీటిని పూర్తయ్యేదాకా నడిపి మూసేయడం సభ్యులకు నష్టం లేని దారి. చట్టం ముందు మీ తప్పు అలాగే ఉంటుంది, నేను దాన్ని లేదని చెప్పను. ఎవరికీ బాకీ లేకుండా మూసేస్తే మాత్రం ఫిర్యాదు చేసే కారణం ఎవరికీ మిగలదు.

కష్టమైనది ఆరు పాటలు అయిన 5 లక్షల చీటీ. ఇంకా 19 నెలలుంది. దీన్ని అంతకాలం మోయడం ప్రమాదం. పాటలు ఆపేసి మూయాలంటే లెక్క ఇలా ఉంటుంది, పక్కన కాగితం పెట్టుకుని చూడండి. మీతో కలిపి ఆరుగురు ఎత్తుకున్నారు, 19 మంది ఎత్తుకోలేదు. ఇక నుంచి ఎత్తుకోని 19 మంది కట్టడం ఆపేస్తారు. ఎత్తుకున్న ఆరుగురు మాత్రం నెలకు 20 వేల చొప్పున మిగిలిన 19 నెలలూ కడతారు. నెలకు లక్షా 20 వేలు వస్తుంది. దాన్ని ఆ 19 మందికి సమానంగా పంచితే తలా 6,300 పైచిలుకు. 19 నెలలు అయ్యేసరికి ఒక్కొక్కరికి సరిగ్గా లక్షా 20 వేలు ముడుతుంది. ఆరు నెలల పూర్తి కంతులు అంతే కదా. వాళ్లు డివిడెండ్, అంటే పాటలో తగ్గిన మొత్తంలో తమ వాటా, తగ్గించి కట్టారు కాబట్టి కట్టినదానికి ఎవరికీ తగ్గదు, కాస్త పైనే వస్తుంది. మీకు కమిషన్ రాదు, పైగా మీ 20 వేలు మీరు కట్టాలి. సభ్యులకు నష్టం ఇంకో రకంగా ఉంది. చీటీ వేసుకునేది ఒకేసారి పెద్ద మొత్తం చేతికి రావాలని. ఫీజులకో, స్లాబు వేయించుకోవడానికో ఆ డబ్బు మీద లెక్క పెట్టుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లు నొచ్చుకుంటారు. ఇది మీరు ఒక్కరే కూర్చుని నిర్ణయించే విషయం కాదు. 25 మందినీ ఒక ఆదివారం ఇంటికి పిలిచి, లెక్క ముందు పెట్టి, ఒప్పుకున్నది కాగితం మీద రాసి అందరి సంతకాలూ తీసుకోవాలి. వాళ్లలో ఎక్కువమంది నడిపించమని పట్టుబడితే నడపొచ్చు, కానీ అప్పుడు 19 నెలల ప్రమాదాన్ని తెలిసి నెత్తిన పెట్టుకున్నట్టు.

ఆ మొండి బాకీ మనిషి చీటీ ఇంకా పది నెలలుంది. అతను కట్టాల్సింది పాత 80 వేలు కాక ఇంకో 2 లక్షలు. రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో ప్రోనోటు, ఒక ఖాళీ చెక్కు మీ దగ్గరున్నాయన్నారు. ఆ ఖాళీ చెక్కు నింపి బ్యాంకులో వేయాలన్న ఆలోచన ఉంటే ఆగండి. చెక్కు కేసు నిలవాలంటే దాని వెనకున్న బాకీ చట్టబద్ధమైనది కావాలి. రిజిస్టర్ కాని చీటీ బాకీ అని అవతలి లాయరు మొదటి రోజే అంటాడు. ప్రోనోటు మీద దావాకూ ఇదే చిక్కు వస్తుంది, పైగా కోర్టులో మీ చీటీల సంగతంతా మీరే చెప్పాల్సి వస్తుంది. రిజిస్టర్ చేయించిన చీటీ అయితే 64వ సెక్షన్ కింద రిజిస్ట్రార్ దగ్గరే తేల్చుకునేవాళ్లు. లైసెన్స్ వల్ల ఫోర్‌మన్‌కు, అంటే చీటీ నడిపేవాళ్లకు, ఒరిగే అసలు లాభం ఇదే, అది మీకు ఇప్పుడు లేదు. నా మాట వింటే మొదట అతని ఇంట్లో పెద్దవాళ్లతో, మీ ఇద్దరికీ కావాల్సిన వాళ్లతో మాట్లాడించండి. తగ్గించి అయినా నెలనెలా కట్టేలా రాయించండి. లొంగకపోతే మీ కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవా కమిటీకి వెళ్లండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదిర్చే ఏర్పాటు ఉంది. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మనుషుల్ని వెంటేసుకుని అతని ఇంటి మీదికి మాత్రం వెళ్లకండి. మీ తమ్ముడికి ఆ ఆలోచన ఉన్నట్టు ఉత్తరంలో అనిపించింది. ఇప్పుడు మీరు బాధితురాలు, ఆ పని చేస్తే అతను బాధితుడవుతాడు.

ఇవన్నీ ఒక కొలిక్కి వచ్చాక లైసెన్స్ సంగతి. మీకు ఈ పని మీద ప్రేమ ఉంది. "ప్రతి నెలా ఐదో తారీఖు మా వరండా పెళ్లిల్లులా ఉంటుంది" అని రాశారు కదా, అది చదివి మానేయమని ఒక్క మాటతో చెప్పబుద్ధి కాలేదు. చట్టబద్ధంగా నడిపే దారులున్నాయి, ఒక్కోదాని లెక్క చూసుకుని ఎంచుకోండి.

మీ ఒక్కరి పేరు మీదే నడపొచ్చు. కానీ ఒక వ్యక్తి నడిపే చీటీలన్నీ కలిపి ఏ సమయంలోనైనా 3 లక్షలు దాటకూడదు. 2019 సవరణకు ముందు ఇది లక్షే. ఈ 3 లక్షలు ఒక్కో పాటకు వసూలయ్యే మొత్తం. అంటే లక్ష చీటీలు మూడు. ఇప్పుడు మీరు నడుపుతున్నవన్నీ కలిపితే 13 లక్షలు, కాబట్టి వ్యాపారం నాలుగో వంతుకు తగ్గిపోతుంది. అయితే కమిషన్ నూటికి ఏడు దాకా తీసుకోవచ్చు, అదీ 2019లోనే ఐదు నుంచి పెరిగింది. మూడు చీటీలకు నెలకు 21 వేలు. ఈ మేరకు జీఎస్టీ బెడద కూడా ఉండదు, ఏడాదికి 20 లక్షల రాబడి దాటితేనే అది. దీనికి పెట్టుబడి ఏమిటంటే, చీటీ మొదలుకాకముందే చీటీ మొత్తానికి సరిపడా హామీ రిజిస్ట్రార్ పేరిట కట్టిపెట్టాలి, మామూలుగా బ్యాంకు డిపాజిట్ రూపంలో. మూడు చీటీలకు 3 లక్షలు. చీటీ ముగిసి అందరికీ డబ్బు ముట్టిందని తేలేదాకా ఆ డబ్బు కదలదు. అమ్మాయి పెళ్లి కోసం దాచింది ఇందులో పెట్టకండి, పెళ్లినాటికి చేతికి రాదు.

నలుగురైదుగురు కలిసి భాగస్వామ్య సంస్థ పెడితే పరిమితి 18 లక్షలు. నలుగురి కన్నా తక్కువైతే తలకు 3 లక్షలే. నలుగురు కలిసి 18 లక్షల చీటీలు నడిపితే కమిషన్ గరిష్ఠంగా నెలకు లక్షా 26 వేలు, తలా 31,500. ఇందులోంచే ఆఫీసు గది, గుమస్తా, ఫీజులు. హామీ డిపాజిట్ 18 లక్షలు అందరూ కలిసి తేవాలి. మీ స్నేహితురాళ్లు ఇద్దరు ముందుకొస్తున్నారన్నారు. మంచిదే. కానీ భాగస్వామ్యంలో ఒకరు ఎగ్గొడితే మిగతావాళ్ల ఇల్లూ వాకిలీ కూడా జవాబుదారీ. స్నేహం ఎంత గట్టిదైనా ఒప్పంద పత్రం లాయరు చేత రాయించండి. మీ వారు ఇందులో భాగస్వామిగా ఉండకూడదు, ఉద్యోగంలో ఉన్నంత కాలం ఆ ఆలోచనే వద్దు.

కంపెనీ పెట్టడానికి చట్టం అడిగే కనీస మూలధనం లక్షే, సొంత నిధులకు పది రెట్ల దాకా చీటీలు వేయొచ్చు. వినడానికి బాగుంటుంది. కానీ పేరులో చిట్ అన్న మాట ఉండాలి, ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప వేరే వ్యాపారం చేయకూడదు, ఏటా ఆడిట్లు, కంపెనీ రిటర్నులు. హామీ డిపాజిట్ ఎలాగూ తప్పదు. పాతిక మంది వరండాలో కూర్చునే వ్యాపారానికి ఇది బరువెక్కువ అని నా అభిప్రాయం.

ఏ దారిలో వెళ్లినా కొన్ని అలవాట్లు మార్చుకోవాలి. పాట జరిగిన ప్రతిసారీ మినిట్స్ రాసి 21 రోజుల్లో రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వాలి. చీటీ డబ్బు ఒక పక్కకి వడ్డీకి తిప్పడం కుదరదు, 14వ సెక్షన్ ఆ డబ్బును దేనికి వాడొచ్చో గీత గీసి చెబుతుంది. పాడుకున్నవాళ్లు షూరిటీ ఇవ్వకుండా "రేపు ఇస్తాలే అక్కా" అంటే డబ్బు చేతికివ్వకూడదు. ఇది మీకు అన్నిటికన్నా కష్టమవుతుందని నాకు అనిపిస్తోంది. ఆ మొండి బాకీ మనిషి దగ్గర షూరిటీ ఎందుకు తీసుకోలేదో మీరే రాశారు: "వాళ్లమ్మ నాకు బాగా కావాల్సిన మనిషి."

దీనికి వెళ్లాల్సింది స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖకే. మన రాష్ట్రంలో చిట్ల రిజిస్ట్రార్లు ఆ శాఖలోనే ఉంటారు. మీ జిల్లాకు చిట్ల వ్యవహారాలు ఎవరు చూస్తారో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగితే చెబుతారు. దరఖాస్తు మీరే పెట్టొచ్చు, మధ్యలో మనిషి అక్కర్లేదు. కాదంటే కారణం చెప్పాలి, మీ మాట వినాలి, దాని మీద ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు. అనుమతి వచ్చాక 12 నెలల్లో చీటీ రిజిస్టర్ కాకపోతే అది రద్దయిపోతుంది. అందుకని పాతవి మూసి, డిపాజిట్టు సిద్ధమయ్యాకే దరఖాస్తు పెట్టండి.

మరో దారి ఉంది. రిజిస్టర్ అయిన చిట్ కంపెనీలో ఏజెంటుగా చేరడం. సభ్యుల్ని చేర్పిస్తే కమిషన్ వస్తుంది. రాబడి తక్కువే, మొదటి చీటీ ఎత్తుకునే సౌకర్యం లేదు. కానీ ఎవరైనా కట్టకపోతే మీ గాజులు బ్యాంకుకు వెళ్లవు. అయితే రెండు జాగ్రత్తలు. మీరు చేర్పించే ప్రతి గ్రూపుకూ ముందస్తు అనుమతి నంబరు, ప్రారంభ సర్టిఫికెట్ చూపించమనండి. సభ్యుల కోసం మీరు షూరిటీ సంతకాలు పెట్టకండి. ఈ రెండింటికీ ఒప్పుకోని కంపెనీలో చేరకండి. అమ్మాయి పెళ్లి, మీ వారి రిటైర్మెంట్ అయ్యేదాకా ఈ రెండు మూడేళ్లు ఇలా గడిపి, తర్వాత సొంతంగా పెట్టుకోవడం నాకు మీ పరిస్థితికి నప్పుతుందనిపిస్తోంది. కానీ ఇంటి ఖర్చులో ఆ 52 వేల కమిషన్ ఎంత పాత్ర వహిస్తోందో మీకే తెలుసు.

మీ వారి గురించి. ఆయన మీద మీరు కోపంగా ఉన్నారు, "పద్నాలుగేళ్లు ఆ డబ్బుతో ఇల్లు గడిచినప్పుడు లేని భయం ఇప్పుడొచ్చింది" అని రాశారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఆయన భయంలోనూ న్యాయం ఉంది. ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు, పుస్తకం నిండా ఆయన చేతిరాతే. రేపు ఫిర్యాదు వస్తే అది మీ వ్యాపారం కాదు, ఆయన వ్యాపారం అంటారు. ఈ నెల నుంచి పుస్తకం మీరే రాయండి. పాత పుస్తకాన్ని చించడం గానీ, తిరగరాయడం గానీ, దాచడం గానీ చేయకండి. మీరు ఎవరికీ ఎగ్గొట్టలేదనడానికి ఉన్న సాక్ష్యం అదొక్కటే. రేపు మీరు రిజిస్టర్ చేసిన చీటీలు మొదలుపెడితే, భార్య వ్యాపారం చేస్తోందని ఆయన తన పై అధికారికి రాతపూర్వకంగా తెలియజేయడం మంచిది.

అమ్మాయికి కూడా విషయం చెప్పండి. గాజుల సంగతి ఆమెకు తెలియదన్నారు. పెళ్లి బడ్జెట్ వేసుకునే పిల్లకు ఇంట్లో ఎంత ఉందో, ఎంత బయట ఇరుక్కుందో తెలియాలి. పాతికేళ్లు వచ్చిన పిల్ల, మీకన్నా చల్లగా లెక్క చూడగలదేమో.

ముందుగా పోయిన నెల మొదలైన లక్ష చీటీ డబ్బు తిరిగి ఇచ్చేయండి. 5 లక్షల చీటీ సభ్యుల్ని పిలిచే ఆదివారానికి ముందే ఆ ఆరుగురిలో మిగతా ఐదుగురితో విడిగా మాట్లాడండి. కట్టాల్సింది వాళ్లే కాబట్టి వాళ్లు ముందే మాటిస్తే మిగతావాళ్లు నమ్ముతారు. ఏం తేలిందో మళ్లీ రాయండి. లెక్క కుదరకపోతే పుస్తకంలో ఆ చీటీ పేజీల నకలు పంపండి, కూర్చుని చూస్తాను.